రెక్కలు కొరికించిన పేనుబంక

అనగనగా ఒక అడవి అంచున, ముళ్ళకంప మీదికి పాకిన అడవిచిక్కుడు తీగ ఒకటుండేది పిల్లలూ. దాని లేతకొమ్మ మీద పచ్చమ్మ అనే పేనుబంక కాపురం. పేరులో పేను ఉందని తలలు గోక్కోకండి. తలలో పేనుకూ దీనికీ దగ్గరి చుట్టరికమేమీ లేదు. దీని బంధువులు తెల్లదోమ, పిండినల్లి. అందరిదీ ఒకటే పని, మొక్కలో సూదిలాంటి మూతి గుచ్చి రసం పీల్చడం. ఏడాదిలో చాలాకాలం పేనుబంకల్లో మగవాళ్ళే ఉండరు. తల్లులు పెళ్ళీ పేరంటమూ లేకుండానే కూతుళ్ళను కంటారు. సరే, కథలోకి వద్దాం.

పచ్చమ్మకు గండమ్మ అనే నల్లచీమ కాపలా. అది మీసాలతో వీపు నిమిరితే పచ్చమ్మ ఒక తియ్యటి బొట్టు వదిలేది. గండమ్మ ఆ బొట్టు తాగి, పేనుబంకలను తినే అక్షింతల పురుగును తరిమికొట్టేది.

రానురాను కొమ్మ కిక్కిరిసింది. రసం తగ్గింది. ఇరుకైనప్పుడు ఈ జాతిలో రెక్కలు మొలిచే పిల్లలు పుడతారు, వేరే మొక్క వెతుక్కోవడానికి. అలా పుట్టిన కూతురు సన్నాలు.

"అమ్మా, ఈ కొమ్మ పనైపోయింది. నన్ను ఎగిరిపోనీ. ఎక్కడో ఒకచోట మన వంశం నిలబెడతాను" అంది సన్నాలు.

గండమ్మ పకపకా నవ్వింది. "పోవే పో! అక్కడ నీకు కాపలా ఎవరు, మీ నాన్నా? అసలుంటేగా!" అని, పచ్చమ్మ వైపు తిరిగి, "వదినా, ఆ రెక్కలు కొరికేస్తాను. బిడ్డ నీ కళ్ళ ముందే ఉంటుంది. నేను లేనూ?" అంది.

పచ్చమ్మ కింది ఆకు వైపు చూసింది. అక్షింతల పురుగు అక్కడే మాటు వేసి ఉంది.

"కాస్త ఓర్చుకోవే తల్లీ" అంటూ కూతుర్ని గట్టిగా పట్టుకుంది. గండమ్మ రెక్కలు కొరికి కింద పడేసింది.

మొదట ఆకులు ముడుచుకున్నాయి. తరవాత పసుపెక్కాయి. చివరికి కొమ్మే వడలిపోయింది.

గండమ్మ వచ్చి పచ్చమ్మ వీపు నిమిరింది. బొట్టు రాలేదు. మళ్ళీ నిమిరింది. రాలేదు. మూడోసారి నిమరకుండానే వెనుదిరిగింది.

"వదినా, ఎక్కడికి?" అంది పచ్చమ్మ.

"గట్టు మీద జిల్లేడుకి. అక్కడ కొత్తవాళ్ళు దిగారట, బాగా ఇస్తున్నారు."

"నా పిల్లనైనా నోట కరుచుకుని తీసుకుపో, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

"ఎండిపోయినదాన్ని మోసి నేనేం చేసుకోను?"

గండమ్మ వెనకాలే మిగతా చీమలబారూ దిగిపోయింది. అక్షింతల పురుగు తీరిగ్గా పైకెక్కసాగింది. సన్నాలు తల్లి పక్కకు ఒదిగింది.

"అమ్మా, ఎగిరిపోయి ఉంటే చచ్చిపోయేదాన్నా?"

"ఏమోనే" అంది పచ్చమ్మ. "బతికేదానివేమో."

నీతి: మన వల్ల లాభం ఉన్నంతకాలమే కాపలా కాసేవాళ్ళను నమ్మి, పిల్లల రెక్కలు తీయించకూడదు.