ఘాటు రోడ్డులో ఆగిన కారు

తాయారమ్మ గారిని ఏదైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. "కాసేపు ఉండనివ్వండి" అనేవారు. కొందరికి ఆ జవాబు మర్నాడు దొరికేది, కొందరికి ఏడాది పట్టేది. విసుగెత్తి వేరే గురువుల్ని వెతుక్కున్నవాళ్ళూ ఉన్నారు.

చింతపల్లి కొండల్లో ఉన్న ఆవిడ ఆశ్రమానికి అనకాపల్లి నుంచి వరహాలమ్మ అనే శిష్యురాలు నెలనెలా వచ్చేది. బెల్లం వ్యాపారుల ఇంటి మనిషి, డెబ్బై దాటిన వయసు. ఆమెకొక పాత కారు, దాన్ని నడపడానికి సన్యాసిరావు. మార్గశిర మాసంలో ఒక సాయంత్రం ఆమె గురువు ఎదుట కూర్చుని అడిగింది.

"అమ్మగారూ, తునిలో పురాణం విన్నాను. అన్నవరంలో ఉపన్యాసాలు విన్నాను. ఇక్కడ మీ మాట వింటున్నాను. పదేళ్ళుగా నేను వెళ్ళని చోటు లేదు. ఒక్కటీ నిలవడం లేదు. కంఠతా వచ్చిన పద్యం మొన్న సగంలో ఆగిపోయింది. నిన్న ఫోనులో మనవరాలి పేరు నోటికి రాక 'అమ్మడూ' అని సర్దుకున్నాను. అది కనిపెట్టేసింది. మరిచిపోయేదాన్ని ఇంక వినడమెందుకు? మానేద్దామనుకుంటున్నాను."

"కాసేపు ఉండనివ్వు" అన్నారు తాయారమ్మ గారు.

మర్నాడు తెల్లవారాక, మంచు ఇంకా గుమ్మం దాకా పరుచుకుని ఉండగా, ఆరోగ్య కేంద్రం నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు. కొండ మీది పల్లె పిల్ల ముత్తాయికి నెలలు నిండకుండానే కాన్పయింది. బిడ్డ పిడికెడు కూడా లేదు. నర్సీపట్నం పెద్దాసుపత్రికి చేర్చాలి. అంబులెన్సు అప్పటికే ఇంకొకరిని తీసుకుని దిగిపోయింది. ఊళ్ళో కదలడానికి సిద్ధంగా ఉన్నది వరహాలమ్మ కారు ఒక్కటే. నర్సు బిడ్డను గుడ్డల్లో చుట్టి తల్లి చేతికిస్తూ ఒకే మాట చెప్పింది: "దారిలో చల్లబడనివ్వకండి. చల్లబడితే నిలబడదు."

ముత్తాయి, తాయారమ్మ గారు వెనక కూర్చున్నారు, వరహాలమ్మ ముందు కూర్చుంది. ఘాటు మొదలయ్యేసరికి సన్యాసిరావు హీటరు మీట తిప్పాడు. గాలి బుస్సున వచ్చింది. అది బయటి మంచు కంటే చల్లగా ఉంది. అద్దాలు లోపలి నుంచి తెల్లబారాయి. అతను ఎడమ చేత్తో అద్దం తుడుచుకుంటూ మలుపులు తిప్పుతున్నాడు.

"ఇంకా వేడి రాదేఁవిట్రా?" అంది వరహాలమ్మ.

"వత్తాదమ్మా, కూసింత దూరం పోనీండి."

రెండు మలుపులు దిగినా రాలేదు. వెనక నుంచి ముత్తాయి గొంతు సన్నగా వినిపించింది. "అమ్మా, కాళ్ళు సల్లబడిపోతన్నాయి. ఏడుపు మానేసింది."

"తొందరగా పోనీయరా, సన్నాసీ!" అని వరహాలమ్మ అరిచింది. "నర్సీపట్నం ఎంతో దూరం లేదు, తొక్కు!"

"ఆపు నాయనా" అన్నారు తాయారమ్మ గారు.

సన్యాసిరావు ఇద్దరి వైపూ చూశాడు. కారు కొండ వారగా ఆగింది.

"బిడ్డ పోతుంటే ఆపమంటారా!" వరహాలమ్మ వెనక్కి తిరిగింది. గురువుతో అంత గట్టిగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. "ఆగితే ఏమొస్తుంది?"

తాయారమ్మ గారు ముందు ఆ గాలి కట్టేయమన్నారు. బిడ్డ గుడ్డలు విప్పి, తల్లి రవిక లోపల గుండెకు ఆనించి, తన శాలువా తీసి ఇద్దరినీ కలిపి చుట్టేశారు. అప్పుడు సన్యాసిరావుతో, "గాలి వస్తోంది, వేడి రావడం లేదు. ఎక్కడ ఆగిందో చూడు. నిదానంగా చూడు" అన్నారు.

అతను బానెట్ ఎత్తి, హీటరుకి వెళ్ళే రబ్బరు గొట్టాలు రెండూ చేత్తో పట్టుకున్నాడు. "ఒకటి కాలతా, రెండోది సల్లగా ఉంటే హీటర్లో అడ్డం పడిందనుకోవచ్చు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి, గోరువెచ్చన. హీటరు తప్పు కాదు గురువమ్మా. ఇంజనే వేడెక్కలేదు. వేడి చూపించే ముల్లు కూడా అడుగునే ఉంది."

"ఇంత దూరం వచ్చినా?"

అతను చేతులు తుడుచుకుంటూ నసిగాడు. "నీళ్ళ దారిలో ఓ వాల్వు ఉంటాది. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటరుకి పోనీకుండా లోపలే ఆపుతాది. మా ఊరి ఎండలకి బండి మరిగిపోతాదని అందరూ దాన్ని పీకించీసుకుంటారు. మనదీ పీకించీసేం. ఇప్పుడు నీళ్ళు ఆగకుండా తిరగతన్నాయి. వేడి పట్టే లోపే సల్లారిపోతన్నాయి. దిగుడులో ఇంజనుకి పనీ లేదు. ఎంత జోరుగా పోతే అంత సల్లన."

"ఎవరు పీకించమన్నార్రా?" అంది వరహాలమ్మ.

"మీరేనమ్మా. 'అదెందుకు, పారేయ్' అన్నారు కదా."

ఆమెకు గుర్తు లేదు.

"ఇప్పుడు దారి?" అన్నారు తాయారమ్మ గారు.

"రేడియేటరు మొహానికి ఏదైనా అడ్డం కట్టాల. సల్లగాలి తగలకుండా."

డిక్కీలో వరహాలమ్మ ప్రసాదానికి బెల్లం తెచ్చిన అట్టపెట్టె ఉంది. మిగిలిన బెల్లాన్ని డిక్కీలోనే కుమ్మరించి, పెట్టెను తానే రెండు చేతులా చింపి ఇచ్చింది. సన్యాసిరావు ఆ అట్టను రేడియేటరు ముందు దోపి, మరిగిపోకుండా ఓ పక్క కొంచెం ఖాళీ వదిలాడు. తర్వాత సీట్లో కూర్చుని, బండిని కదిలించకుండా ఇంజనుకి మాత్రం జోరిచ్చాడు.

ఇక చేయడానికి ఏమీ లేదు. నలుగురూ ముల్లు వైపే చూస్తున్నారు. అది కదలలేదు. వరహాలమ్మ పెదవులు ఏదో పద్యం అందుకున్నాయి, సగంలో తప్పిపోయాయి, మళ్ళీ మొదటికి వచ్చాయి. "పోదాం అమ్మగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, పోదాం" అంది.

"ఉండు."

ముల్లు వెంట్రుకవాసి లేచింది. ఆగింది. మళ్ళీ లేచింది. సన్యాసిరావు మీట తిప్పి గాలికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. వరహాలమ్మ చెయ్యి పట్టి అక్కడ పెట్టాడు. వేడి. అద్దం అడుగు నుంచి మెల్లగా తేటపడుతూ వచ్చింది. అప్పటికి కానీ రోడ్డు కనిపించలేదు. మలుపుకి అవతల అంతా లోయ.

చిన్న గేరులో, ముల్లు మీదే ఒక కన్ను వేసి, బండిని నెమ్మదిగా దించాడు. ఘాటు సగం దిగేసరికి శాలువా లోపల పిల్లి కూనలా ఒక ఏడుపు లేచింది. ముత్తాయి కూడా ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

ఆసుపత్రిలో బిడ్డను వెచ్చని పెట్టెలో పెట్టారు. వచ్చినప్పుడు ఒళ్ళు వెచ్చగానే ఉందని, అదే మేలైందని డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది. వరండాలో బల్ల మీద వరహాలమ్మ తన చేతులు చూసుకుంటూ కూర్చుంది. గోళ్ళ సందుల్లో బెల్లం. దాన్ని గిల్లి తీసుకుంటూ అంది: "నేను తొక్కమన్నాను. మీరు ఆపకపోతే..."

తాయారమ్మ గారు ఆమె పక్కన కూర్చున్నారు. "ఏ పద్యం ఆగిపోయిందన్నావు నిన్న?"

వరహాలమ్మ చెప్పింది. సగం దాకా వచ్చి ఆగింది. తలవంచుకుంది.

"నీళ్ళు తక్కువై కాదుగా వరహాలూ, ఆ కారు చల్లబడింది, ఎక్కడా ఆగక" అన్నారు గురువు. "ఈ నెల తుని వెళ్ళకు. ఇక్కడికీ రాకు. ఆ సగం దగ్గరే ఉండు."