రాజావారి కారుకి కొత్త తైలం

సింగవరపుకోట రాజావారికి కోపం వచ్చినా, సంతోషం వచ్చినా భరించాల్సింది పక్కవాళ్ళే. ఆ రోజు సంతోషం వచ్చింది.

వానాకాలమంతా షెడ్డులో పడివున్న ఆయన కారు చక్రాల బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. డ్రైవరు మస్తాన్ ఎంత బలం పెట్టినా పానా వంగిందే గాని బోల్టు కదల్లేదు. అప్పుడు ఆస్థాన యంత్రశాస్త్రి సదాశివుడు గారు ఓ సీసా పట్టుకుని వేంచేశారు. కిరసనాయిలులో కర్పూరమూ ఇంకేవో కలిపి తానే తయారుచేసిన పల్చటి ద్రవం అది. దానికి 'సర్వసంధి భేదిని' అని పేరు కూడా పెట్టుకున్నారు.

నాలుగు చుక్కలు వేసి, తాంబూలం నమిలేంతసేపు ఆగమన్నారు. చుక్కలు తుప్పు సందుల్లోకి ఇంకిపోయాయి. మస్తాన్ పానా పెట్టగానే బోల్టు బుద్ధిగా తిరిగింది.

"భేష్. ఇంత మహత్తున్న తైలాన్ని చక్రాలకేనా వాడేది? రేపు ఇంజనులో ఉన్న ఆ జిడ్డంతా తీసేసి ఇదే పోయండి" అన్నారు రాజావారు.

సదాశివుడు గారి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. కానీ రాజు మెచ్చుకుంటుంటే కాదనే అలవాటు ఆ కొలువులో ఎవరికీ లేదు. ఆయనకి అసలే లేదు.

"చిత్తం ప్రభూ. ఇంజనుకిది అమృతం."

మస్తాన్ ఉండబట్టలేకపోయాడు. "హుజూర్, ఇంజనులో చిక్కటి నూనె ఉండాలండీ. ఇది పోస్తే ఇనుమూ ఇనుమూ ఒరుసుకుని ఇంజను పట్టేస్తుంది."

"శాస్త్రిగారికి తెలీనిది నీకు తెలుసా? రేపు పొద్దున్న పోస్తే పొయ్యి. లేదా షెడ్డు తాళాలిచ్చి ఇంటికి పో" అని రాజావారు లోపలికి వెళ్ళిపోయారు.

మస్తాన్ తిన్నగా అచ్చన్న దగ్గరికి వెళ్ళాడు. రాజావారికి రోజూ పత్రికలు చదివి వినిపించడం అచ్చన్న కొలువు. పత్రికల్లో లేనివి కూడా చదివి నవ్వించడం అతని నేర్పు.

"అచ్చన్నగారూ, పోస్తే ఇంజను పోతుంది, ఆ నేరం నా నెత్తినే పడుతుంది. పొయ్యకపోతే నా కూడు పోతుంది. ఎలాగండీ?"

"శాస్త్రిగారికీ ఓ చిన్న కారుందిగా. అందులో ఏం పోయిస్తారు?"

"సీమ నుంచి ఓడ మీద తెప్పించిన చిక్కటి ఇంజను నూనె. వేరేది దగ్గరికి రానివ్వరు."

"అయితే నీ కూటికేం ఢోకా లేదు. రేపు ఆయన ఆ కారులోనే కదా వస్తారు. నేను తిప్పమన్నప్పుడు, ఇంజను స్టార్టు చేసేవాడిలా దాని ముందు హ్యాండిల్ తిప్పడానికి వంగు, అంతే" అన్నాడు అచ్చన్న.

మర్నాడు పొద్దున్న కొలువంతా వాకిట్లో చేరింది. సదాశివుడు గారు వచ్చి, రాజావారితో లోపల కాఫీ పుచ్చుకుని, మీసం దువ్వుకుంటూ బయటికొచ్చారు. అచ్చన్న రాజావారి ముందు చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, చిన్న మనవి. తమ వంటింట్లో ఏది వండినా, వండినవాడు ఓ ముద్ద తిన్నాకే తమ విస్తట్లోకి వస్తుంది. తాతల నాటి ఆచారం. తమ కారు నోట్లో పోసేదానికి మాత్రం ఆ ఆచారం ఎందుకు తప్పాలి?"

"తప్పకూడదు" అన్నారు రాజావారు. ఆచారమంటే ఆయనకి ప్రాణం. ఇంకొకళ్ళు పాటించేదైతే మరీను.

"అందుకే, తమరు కాఫీ పుచ్చుకుంటుండగా శాస్త్రిగారి కారులో పాత నూనె తీయించి, భేదిని పోయించాను. అమృతాన్ని ముందు ఆయన కారే రుచి చూడటం న్యాయం. మస్తాన్, హ్యాండిల్ తిప్పు."

మస్తాన్ వంగాడు. సదాశివుడు గారి ఉత్తరీయం ఒక పక్క, ఆయన ఒక పక్క. పరుగున వెళ్ళి బానెట్టుని కావిలించుకున్నారు.

"తిప్పకు నాయనా, నీకు పుణ్యముంటుంది. బేరింగులు అరిగిపోతాయి. ఇంజను పట్టేస్తుంది. నా కారు నాశనమైపోతుంది!"

కొలువంతా రాజావారి వైపు తిరిగింది.

"ఇంజనుకి అమృతమన్నారే?" అన్నారు రాజావారు.

"అది... తమ ఇంజను పెద్దది ప్రభూ. తట్టుకుంటుంది."

అచ్చన్న ఆయన ఉత్తరీయం తీసి దులిపి భుజాన వేశాడు.

"లేవండి శాస్త్రిగారూ. మీ కారులోంచి చుక్క నూనె కూడా తియ్యలేదు. ఇంజను పట్టేస్తుందని మస్తాన్ చెబితే ఎవరూ వినలేదు. అందుకని మీ చేత చెప్పించాను."

రాజావారు ముందు గుడ్లురిమారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. రాజావారు నవ్వారు గనక కొలువంతా నవ్వింది.

"మరి ఈ సీసాని ఏం చెయ్యమంటావురా, అచ్చన్నా?"

"బోల్టుల దగ్గరే ఉంచండి ప్రభూ. సందుల్లో దూరడానికి దాన్ని మించింది లేదు. వేడిలో నిలబడి బరువు మొయ్యడానికే వేరేది కావాలి. తమ కొలువులోనూ మొదటి రకానికే కొదవ లేదు."

కొలువులో నవ్వు టక్కున ఆగింది. రాజావారు ఒక్కరే ఇంకా నవ్వుతూ, సదాశివుడు గారి కోసం తెప్పించిన శాలువా అచ్చన్నకి కప్పారు. మస్తాన్ చేత ఇంజనులో చిక్కటి నూనె పోయించి, అచ్చన్నని పక్కన కూర్చోబెట్టుకుని షికారు బయల్దేరారు.

సదాశివుడు గారు మాత్రం ఇంకా బానెట్టు వదల్లేదు.