పొట్టి కోల, పొడుగు కోల

పదమూడేళ్ల పిల్ల దేనికి చిన్నది, దేనికి పెద్దది? మీలో ఎవరైనా చెప్పగలరా?

ఒకానొక రాజ్యంలో ఆ సంగతి కర్ర తేల్చేది. ఎవరు ఎప్పుడు పుట్టారో గుర్తుండని కాలం. అందుకని పిల్లల పక్కన ఈడుకోల నిలబెట్టేవారు. తల కోల అంచుకు అందితే ఈడొచ్చినట్టు.

వైద్యవిద్యాపీఠం గుమ్మం దగ్గర మైలమ్మను అలాగే నిలబెట్టారు. పీఠాధిపతి విశ్వంభరశాస్త్రి చూపించిన వేళ్లూ ఆకులూ అన్నీ ఆమె వాసన చూసి చెప్పేసింది. అయినా ఆయన కోల వైపే చూశాడు.

"జానెడు తక్కువ. ఎదిగి రా, పో."

"నేను ఎదిగేదాకా గాయాలు ఆగుతాయా శాస్త్రులవారూ?"

"నోరు మాత్రం కోల దాటిపోయింది," అని శిష్యుల వైపు చూసి నవ్వాడాయన.

మైలమ్మ నవ్వలేదు. కిందటేడు ఆమె అన్న కాటయ్యను యుద్ధం నుంచి బండిలో వేసుకొచ్చారు. డొక్కలో బల్లెం పోటు. ఊళ్లో వైద్యుడు లేడు. చీము పట్టి, ఒళ్లు కాలిపోతూ, "దాహం" అంటూనే పోయాడు. మరి వాడెంతవాడు? మైలమ్మకన్నా వేలెడు పొడుగు, అంతే. సైన్యం వాళ్ల ఈడుకోల పొట్టిది.

ఏడాదికోసారి రాజు దుర్గభూపతి కోట ముందు మైదానంలో స్వయంగా కూర్చుని కుర్రాళ్లను ఏరుకునేవాడు. కోలకు అందిన ప్రతివాణ్నీ బంగారు పొన్నుకర్రతో తాకి "ఈడొచ్చింది!" అనేవాడు. నగారా మోగేది. తన నోట వచ్చిన మాటను దేవుడు కూడా తిప్పలేడని ఆయన నమ్మకం. కొలువులో రోజూ ఆ సంగతి పొగిడించుకునేవాడు కూడా.

ఆ ఏడు మైలమ్మ జుట్టు కత్తిరించుకుంది. అన్న అంగీ తొడుక్కుంది. బల్లెం దిగిన చోట కుట్టు వేసింది తనే. వెళ్లి వరసలో నిలబడింది. మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల తల్లులు నోట కొంగు కుక్కుకుని చూస్తున్నారు.

ఆమె వంతు వచ్చింది.

"ఈడొచ్చింది!" అన్నాడు రాజు. నగారా మోగింది.

మైలమ్మ కదల్లేదు. "మహాప్రసాదం. ఇక విద్యాపీఠం తలుపు తీయించండి మహారాజా."

రాజు పక్కనే కూర్చున్న శాస్త్రి ఆమెను గుర్తుపట్టి లేచాడు. "మోసం! ఇది ఆడపిల్ల! మొన్న నేను తిప్పి పంపిన పిల్ల!"

"మగపిల్లాణ్నని నేను అనలేదే. ఎవరూ అడగలేదు కూడా. ఈడొచ్చిందన్నది మాత్రం ఏలినవారే."

"అది సైన్యం కోల! చదువు కోల వేరు!"

"కోలలు రెండైతే కావచ్చు స్వామీ, నేను ఒక్కదాన్నే కదా?" అని మైలమ్మ రాజు వైపు తిరిగింది. "చావడానికి ఈడొచ్చిన పిల్లకు చదవడానికి రాలేదా? ఏలినవారి మాట నిజమైతే నన్ను చేర్చుకోవాలి. శాస్త్రులవారి కోల నిజమైతే నా వెనక నిలబడ్డవాళ్లంతా పసిపిల్లలు, ఇళ్లకు పంపాలి. రెండిట్లో ఏది అబద్ధమో సెలవియ్యండి."

రాజు ముఖం ఎర్రబడింది. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. ఓడినవాళ్లు నవ్వే నవ్వు అది.

"నా మాటతోనే నన్ను కట్టేశావే పిల్లా! శాస్త్రిగారూ, తలుపు తీయండి. నువ్వు బహుమానం కోరుకో. ఏదడిగినా ఇస్తాను."

"ఆ పొట్టి కోల ఇప్పించండి."

"అంతేనా! తీసుకో."

మైలమ్మ దాన్ని మోకాలికి ఆనించి ఫెళ్లున విరిచేసింది.

రాజ్యంలో ఇక మిగిలింది విద్యాపీఠం కోల ఒక్కటే. దానికి అందేవాడు ఆ వరసలో ఒక్కడూ లేడు. ఇంకో కోల చేయిద్దామంటే, పదిమందిలో ఇచ్చిన బహుమానం వెనక్కి లాక్కున్నట్టవుతుంది. రాజు నవ్వు ఆగిపోయింది. తల్లులు తాడు దాటి పిల్లల దగ్గరికి పరుగెత్తారు.

ఆమెకంటే ముందు నిలబడ్డ కుర్రాళ్లు అప్పటికే యుద్ధం దారి పట్టారు. వాళ్ల మీదా రాజు మాట పడిపోయింది కదా, అదీ తిరగలేదు. దుమ్ము అణిగేదాకా మైలమ్మ అటే చూసింది. ఇంకాస్త పెందలాడే వచ్చి నిలబడాల్సింది అనుకుంది. తర్వాత ఆ అంగీతోనే విద్యాపీఠానికి నడిచింది.

అయ్యా, అమ్మా, పొట్టి కోల మైలమ్మ విరిచింది. పొడుగుది చదువు గుమ్మం దగ్గర ఇంకా నిలబడే ఉంది. ఇంకెందుకు కూర్చున్నారు? మీ పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లండి. ఆ కోల అవతల పెట్టి, పిల్లకేం తెలుసో అడగమనండి. పెందలాడే వెళ్లండి.