అవ్వ పట్టుకోని తాడు

భైరవాచార్యులవారికి ఒక చెడ్డ అలవాటు ఉండేది. చెడ్డదని మనం అనడం లేదు, ఆయన శిష్యులు అనుకునేవారు. ఎవరు ఏ ప్రశ్న అడిగినా సమాధానం చెప్పకుండా ఒక పని పురమాయించేవారు. ఆత్మ అంటే ఏమిటని అడిగినవాడు పశువుల కొట్టం ఊడ్చి రావలసిందే. పెద్ద శిష్యుడు విరూపాక్షుడికి ఈ పద్ధతి చూస్తే ఒళ్ళు మండేది.

ఆ రోజు అతనికి అసలే తల వాచిపోయి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ తగవులు తీర్చే పని గురువుగారు ఈమధ్యే అతని నెత్తిన పెట్టారు. తెల్లారేసరికి కొండ కింది ఊరివాళ్ళు కూర్మయ్య అనేవాణ్ణి ఈడ్చుకొచ్చి ఆశ్రమం ముందు నిలబెట్టారు. ఆ ఊళ్ళో సన్నెమ్మ అని కళ్ళు లేని ముసలమ్మ ఒంటరిగా ఉంటుంది. ఏటా వానలు వెలిశాక ఊరంతా కలిసి తాడు పేని, ఆమె గుమ్మం నుంచి వాగు దాకా రాటలు పాతి కడతారు. అది పట్టుకుని ఆమె తన నీళ్ళు తను తెచ్చుకుంటుంది, ఎవరినీ దేబిరించకుండా బతుకుతుంది. ఈ కూర్మయ్య తన దూడని కట్టుకోవడానికి వాగు వైపు సగం తాడు కోసుకుపోయాడు. నిన్న ముసలమ్మ నడుస్తూ ఉండగా తాడు కొస చేతిలోకి వచ్చింది. మిగతాది దొరుకుతుందేమోనని తడుముకుంటూ ముందుకు పోయి, ముళ్ళపొదల్లో పడి, పొద్దుగూకేదాకా కేకలు పెడుతూనే ఉంది.

"ముసలోల్లనీ అవిటోల్లనీ ఏడిపించినోడికి మామూలు సిచ్చ సాలదు బాబూ, రెండింతలు ఎయ్యాల!" అని ఊరివాళ్ళు ఒకటే గోల.

విరూపాక్షుడు చిరాకుగా గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. "పోయిన ఏడు వీడే జోగినాయుడి బావి తాడు ఎత్తుకుపోతే, తాడు తిరిగి ఇప్పించి, బావి పూడిక తీయించాం. ఇప్పుడూ తీసింది తాడే. మనిషిని బట్టి శిక్ష మారిస్తే అది ధర్మం ఎలా అవుతుంది? మీరే చెప్పండి."

"ముందు ఆ తాడు కట్టించి రా," అన్నారు ఆచార్యులవారు.

అనుకున్నంతా అయింది. లోలోపల గొణుక్కుంటూ విరూపాక్షుడు కూర్మయ్యని వెంటబెట్టుకుని కొండ దిగాడు. కూర్మయ్య పని మాత్రం బాగానే చేశాడు. ముడి మీద ముడి వేసి, లాగి చూపించి, చేతులు దులుపుకున్నాడు. "తాడుకి తాడు ఇచ్చేసినాను. ఇంకేటి నా తప్పు?"

ఆ మాట విరూపాక్షుడికీ న్యాయంగానే తోచింది. గుమ్మంలో కూర్చున్న సన్నెమ్మని పిలిచాడు. "అవ్వా, తాడు కట్టేశాం. లే, వాగుకి వెళ్ళిరా."

ఆమె లేచింది. ముళ్ళు గీరుకున్న చెయ్యి చాపి తాడు తాకింది. ఒక అడుగు వేసి, ఆగి, తాడు వదిలేసి మళ్ళీ గుమ్మంలో కూలబడింది.

"గట్టిగానే ఉందవ్వా! నేను చూశాను కదా!" అతనికి ఓపిక నశించింది.

"నిన్నా ఉందనుకునే నడిచినాను బాబూ," అంది సన్నెమ్మ.

ఎంత బతిమాలినా ఆమె కదలలేదు. కోప్పడ్డా కదలలేదు. చివరికి ఖాళీ కుండ అతనే ఎత్తుకుని, తాడుకి వేసిన ఆ కొత్త ముడులన్నీ దాటుకుంటూ వాగుకి పోయి నీళ్ళు తెచ్చి పెట్టాడు. రేపు ఎవరు తెస్తారని ఆమె అడగలేదు. అడగకపోవడమే అతన్ని ఆశ్రమం దాకా వెంటాడింది. ఎవరి మీద కోపమో తెలియని కోపంతో కొండెక్కాడు.

గురువుగారు అరుగు మీదే ఉన్నారు. "కట్టించావా?"

"కట్టించాను."

"అవ్వ నడిచిందా?"

"లేదు. నీళ్ళు నేనే తెచ్చి పెట్టాను," అన్నాడు విరూపాక్షుడు. బయట ఊరివాళ్ళు తీర్పు కోసం ఇంకా అరుస్తూనే ఉన్నారు.

"అయితే," అన్నారు ఆచార్యులవారు లేచి లోపలికి పోతూ, "కూర్మయ్య తీసుకుపోయింది ఇంకా తిరిగి రాలేదన్నమాట."