ఎదురుచాప

సత్తార్ మౌల్వీగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా పెద్ద ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్లద్దాలు తీసి లాల్చీ అంచుతో తుడుచుకుంటూ కూర్చునేవారు. ప్రశ్న ఎంత పెద్దదైతే తుడవడం అంతసేపు సాగేది. ఆదోనిలో ఆయన దగ్గర చదువుకున్న మేమంతా ఆ అద్దాలను చూసే మా ప్రశ్నల విలువ కట్టుకునేవాళ్లం. ఇల్యాస్ అడిగిన రోజున అవి అరిగిపోతాయేమో అనిపించింది.

ఇల్యాస్ మా అందరిలోకీ చదువరి. ముందురోజే ఒక సభలో మాట్లాడి వచ్చాడు. బాగ్దాదు గ్రంథాలయాలు, కొర్డోవా వీధి దీపాలు, సమర్ఖండు నక్షత్రశాల అన్నీ వర్ణించి చప్పట్లు కొట్టించుకున్నాడు. చప్పట్లు ఆగాక వెనక వరసలో కూర్చున్న ఒక ముసలాయన లేచి, “అవన్నీ సరే నాయనా, ఇప్పుడేముంది మన దగ్గర?” అని అడిగాడట. ఇల్యాస్ కాగితాలు మడుచుకుని వేదిక దిగిపోయాడు. ఆ రాత్రి అన్నం కూడా తినలేదని వాళ్ల అన్న మాతో చెప్పాడు.

“ఉస్తాద్, ఒకప్పుడు లోకమంతా మన వాకిట్లోకి వచ్చి చదువుకుంది,” అన్నాడు ఇల్యాస్. “ఇప్పుడు మనమే అందరి వాకిళ్లలో నిలబడుతున్నాం. మంగోలు హులగూ వచ్చి బాగ్దాదును తగలబెట్టాడు, తర్వాత తెల్లవాళ్లు వచ్చారు, అదంతా చదివాను. ఒక్క దెబ్బకే ఇంత పడిపోతామా? మళ్లీ లేస్తామా, లేదా?”

ఉస్తాద్ అద్దాలు తుడిచి తుడిచి, చివరికి పెట్టుకోకుండా ఒళ్లో ఉంచుకుని, ఒక దవాఖానా సంగతి మొదలుపెట్టారు. మాకు కొంచెం నిరాశ కలిగింది. బాగ్దాదు గురించి అడిగితే మందుల అంగడి గురించి చెప్పడమేమిటని నేనైతే మనసులో విసుక్కున్నాను కూడా.

తుంగభద్ర ఒడ్డున ఒక ఊళ్లో ఫజ్లుల్లా అనే హకీం ఉండేవారు. ఆయన చేతి మందు కోసం రాయచూరు నుంచి, బళ్లారి నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు. రోజూ సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఆయన శిష్యులను చుట్టూ కూర్చోబెట్టుకుని, ఆ పూట చూసిన కష్టమైన రోగాన్ని వివరించి, ఫలానా మందు ఇద్దామనుకుంటున్నానని చెప్పేవారు. ఆయన ఎడమ పక్కన ఒక చాప పరచి ఉండేది. దానిని ఎదురుచాప అనేవారు. రోజుకొకరు వంతు ప్రకారం దాని మీద కూర్చోవాలి. కూర్చున్నవాడు హకీంగారి వైద్యంలో తప్పు చూపించాలి. ఊరికే తప్పు అంటే చాలదు, కారణం చెప్పాలి. అది అయ్యేదాకా కల్వంలో మందు పడేది కాదు. ఆ చాప మీద కాకుండా ఇంకెక్కడ కూర్చుని గురువుకు ఎదురు చెప్పినా ఆ ఇంట్లో అది అమర్యాద. ఆ చాప మీద కూర్చుని ఎదురు చెప్పకపోయినా అంతే అమర్యాద. ఈ ఆచారం తమ గురువుల గురువుల నుంచి, బాగ్దాదు నుంచి వచ్చిందని ఆయన చెప్పేవారు. నిజమో కాదో ఎవరూ పరీక్షించలేదు.

పక్క వీధిలో ఆయుర్వేదం చేసే నరసింహావధానిగారు కూడా అప్పుడప్పుడూ వచ్చి ఆ చాప మీద కూర్చునేవారు. ఆయన వచ్చిన రోజు వాదన పొద్దుగూకి మగ్రిబ్ అజా వినబడేదాకా తెగేది కాదు. “ఒక షావుకారుకు నేను తప్పు మందే నూరబోయాను, అవధాని అడ్డుపడ్డాడు,” అని హకీంగారు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవారు. చెప్పుకోవడంలో ఆయనకెంతో సంతోషం.

ఒక ఏడు నది పొంగింది. దవాఖానా గోడలు కూలాయి, మందుల జాడీలన్నీ కొట్టుకుపోయాయి, ఇద్దరు శిష్యులు నీళ్లలో పోయారు. ఏడాది తిరిగేసరికి దవాఖానా మళ్లీ లేచింది. చాప కూడా వరదలో పోయింది గనుక సంతలో ఇంకొకటి కొన్నారు.

ఇక్కడ ఉస్తాద్ ఆగి ఇల్యాస్ వైపు చూశారు. “వరద చిన్నదని నేననడం లేదు నాయనా. మనుషులు పోయారు,” అన్నారు.

తర్వాత ఫజ్లుల్లాగారు నిండు వయసులో కన్నుమూశారు. కొడుకు బర్కతుల్లా హకీం తండ్రి అంటే ప్రాణం పెట్టే మనిషి. మూడో రోజు సమాధి దగ్గర జియారత్ అయ్యాక శిష్యులంతా కూర్చున్నారు. తండ్రి లేడు, ఆయన పక్కన చాప మాత్రం అలాగే ఉంది. ఇంక దాని మీద ఎవరు కూర్చుని ఎవరికి ఎదురు చెప్పాలి? బర్కతుల్లా లేచి, తండ్రి భుజాన వేసుకునే పచ్చ శాలువాను తెచ్చి, ఆ చాప మీద నిండుగా పరిచాడు. అందరూ ఏడ్చారు. “నేనక్కడ ఉంటే నేనూ ఏడ్చేవాణ్ని,” అన్నారు ఉస్తాద్. అందులో చెడ్డ తలంపు ఏ కోశానా లేదు.

శాలువా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. గురువారాలు దానికి ఊదు పొగ వేయడం మొదలైంది. ఆపైన అత్తరు, ఆపైన పూలు. సాయంత్రం శిష్యులు చుట్టూ చేరి పెద్ద హకీం చెప్పిన మందుల యోగాలు బట్టీపట్టినట్టు అప్పజెప్పేవారు, మిగతావారు తలలూపేవారు. అవధానిగారు ఒకసారి పాత అలవాటు కొద్దీ వచ్చారు. కూర్చునే చోటు కోసం అటూ ఇటూ చూసి, కాసేపు నిలబడి, వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. జనం మాత్రం తగ్గలేదు. కాకపోతే మందుకు వచ్చేవారి కంటే శాలువా తాకి పోయేవారు ఎక్కువయ్యారు.

బర్కతుల్లాకు నఫీసా అని ఒకే ఒక కూతురు. ఈడొచ్చిన పిల్ల, మనిషి గాలికి ఎగిరిపోయేటంత సన్నం. ఆమెకు జ్వరం తగిలింది. అలాంటి జ్వరానికి తండ్రి ఇచ్చే యోగం బర్కతుల్లాకు కంఠతా వచ్చు. పత్యం, దానితోపాటు విరేచనాల మందు. అదే ఇచ్చాడు. పిల్ల నాలుక ఎండిపోయింది, కళ్లు లోపలికి పోయాయి. తండ్రి చెప్పిన యోగం పని చేయకపోవడం ఏమిటని మళ్లీ అదే ఇచ్చాడు. ప్రతి సాయంత్రం శిష్యుల ముందు ఆమె రోగాన్ని వివరించి, ఆ యోగాన్ని చదివి, ఎవరైనా ఏమైనా అంటారా అన్నట్టు ఒక్క క్షణం ఆగేవాడు. ఆ ఆగడం కూడా తండ్రి నుంచి వచ్చిన అలవాటే. అందరూ తలలూపేవారు. నఫీసా చనిపోయింది.

ఖననం అయి వచ్చాక హిదాయత్ అనే శిష్యుడు దవాఖానా గుమ్మం దగ్గర కూలబడి ఏడుస్తున్నాడు. అందరికంటే ఎక్కువగా ఏడుస్తున్నాడు. బర్కతుల్లాకు అనుమానం వచ్చింది.

“నీకు ముందే తెలుసా?”

“ఆ మందు మోట కొట్టే గట్టి మనుషులకు ఇచ్చేది, హజ్రత్. ఈ పిల్ల ఒంట్లో నీళ్లే లేవు. నాకు తెలుస్తానే ఉండె.”

“మరి ఎందుకు చెప్పలేదురా?”

హిదాయత్ శాలువా వైపు చూశాడు. “యాడ కూర్చుని చెప్పేది?” అన్నాడు.

మర్నాడు అసర్ అయ్యాక బర్కతుల్లా తండ్రి శాలువాను మడిచి పెట్టెలో పెట్టాడు. కింద చాప చివికిపోయి ఉంది. కొత్త చాప తెప్పించి పరిచాడు. ఒక రోగి సంగతి చెప్పి, మందు పేరు చెప్పి, ఎదురు చూశాడు. ఎవరూ కదల్లేదు. ఎదురు చెప్పడం ఎలాగో ఎరిగినవాళ్లలో చాలామంది ఎప్పుడో పోయారు, మిగిలినవారికి ఆ అలవాటు తప్పింది. అవధానిగారి ఇంటికి స్వయంగా వెళ్లాడు. ఆయన కాలం చేసి చాలా కాలమైందని కోడలు చెప్పింది. ఇంత దగ్గరి వీధిలో ఉండి ఆ కబురు కూడా తెలియనందుకు బర్కతుల్లా తల ఎత్తలేకపోయాడు. ఆ తర్వాత ఎన్ని సాయంత్రాలు గడిచినా చాప ఖాళీగానే ఉంది. అతను మందు నూరలేదు, రోగులను వేరే వైద్యుల దగ్గరికి పంపేశాడు. దవాఖానా మూతబడిందని ఊళ్లో అనుకున్నారు.

ఒక సాయంత్రం లోపలి గది తెర తొలగింది. నఫీసా తల్లి జైబున్ ముసుగు సవరించుకుంటూ వచ్చి, మగవాళ్లందరి ముందూ ఆ చాప మీద కూర్చుంది. ఆ ఇంటి ఆడవాళ్లు అక్కడ కూర్చోవడం ఎవరూ చూడలేదు.

“నా బిడ్డకు మీరిచ్చిన మందు తప్పు,” అంది.

శిష్యులు నేల చూపులు చూశారు. బర్కతుల్లా ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ చాపకు ఇవ్వవలసిన జవాబు ఒకటుంది.

“కారణం చెప్పు,” అన్నాడు.

ఆమె చెప్పింది. పిల్ల ఎప్పుడెప్పుడు నీళ్లడిగిందో, పెదవులు ఎలా చిట్లాయో, పత్యమని తాను ఎలా ఇవ్వకుండా ఉన్నదో, ఇవ్వనందుకు ఇప్పుడు తనకెలా ఉందో, అన్నీ చెప్పింది. మగ్రిబ్ అజా వినబడింది. ఎవరూ లేవలేదు. ఆమె చెప్పడం అయ్యాక, “తప్పు నాదే,” అన్నాడు బర్కతుల్లా. మరుసటి రోజు హిదాయత్ వచ్చి ఆ చాప మీద కూర్చున్నాడు.

ఉస్తాద్ అంతటితో ఊరుకున్నారు. నా మనసులోని విసుగు ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. చివరికి ఇల్యాసే కళ్లు తుడుచుకుని, “ఆ దవాఖానాకు పాత పేరు మళ్లీ వచ్చిందా ఉస్తాద్?” అని అడిగాడు.

“పేరు సంగతి నాకు తెలీదు. మందు మాత్రం ఎదురుచాపను అడిగినాకే నూరుతున్నారు,” అన్నారు ఉస్తాద్. తర్వాత తన పక్కన జాగా చూపించి, “రేపు అసర్ అయినాక వచ్చి ఇక్కడ కూర్చో. ఇప్పుడు నేను చెప్పినదాంట్లో తప్పు ఎక్కడుందో చెప్పు,” అన్నారు.

ఇల్యాస్ గబుక్కున లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగాడు. “మీ మాటలో తప్పు వెతకడానికి నేనెంతవాణ్ని ఉస్తాద్,” అన్నాడు. ఎంతో వినయంగా అన్నాడు. మేమంతా మెచ్చుకోలుగా తలలూపాం.

ఉస్తాద్ ఒళ్లోని కళ్లద్దాలను చేతిలోకి తీసుకున్నారు. ఈసారి తుడవలేదు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశారు.

“పరిచేస్తివే నాయనా శాలువా,” అన్నారు.