మునిగే పిడత

కలువపురంలో ఎవరి ఇల్లు ఎక్కడో చెప్పడానికి నరవర్మ మహారాజు ఒక చావడి పెట్టించాడు. పేరు చెబితే చాలు, అధికారి కాచన వీధీ గుమ్మమూ చెప్పేసేవాడు. లోపల ముప్పై పీటలు. వచ్చినవాడు దణ్ణం పెట్టాలి, కాచన తిరిగి పెట్టాలి, దానికి వచ్చినవాడు తల వంచాలి. ఆ తర్వాతే పీట, ప్రశ్న. ఈ మర్యాద స్వయంగా మహారాజు కనిపెట్టింది కాబట్టి తగ్గించడానికి వీల్లేదు.

దాంతో కూర్చున్నవాడు లేవడం మానేశాడు. ఇంకో ఇల్లు కావలసివస్తే ఈ తతంగం మళ్లీ ఎవడు పడతాడు? మంత్రి సింగనప్రగడ మనుషులే పద్దెనిమిది మంది, పొద్దున ఒక్క ప్రశ్న అడిగి సాయంత్రందాకా కునుకు తీసేవారు. నాకు వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకరోజు ఒక కుమ్మరి మంత్రసాని ఇల్లు కనుక్కోవడానికి వచ్చి ఎండలో నిలబడ్డాడు. పీట దొరికి, ఇల్లు తెలిసి, ఆమెను వెంటబెట్టుకుని వెళ్లేసరికి బిడ్డ పుట్టి పాలు తాగుతోంది.

సంగతి చెవినపడి మహారాజు కాచనను పిలిపించాడు.

"రేపు మధ్యాహ్నానికి బయట ఒక్కడూ నిలబడకూడదు. మర్యాద తగ్గకూడదు, పీటలు పెరగకూడదు, కూర్చున్నవాణ్ణి గెంటకూడదు. కుదరకపోతే నీ కొలువు మంత్రిగారి బావమరిదికి."

బావమరిది అప్పటికే తలపాగా కొలతలు ఇచ్చేశాడు.

ఆ పని తప్ప కాచనకు ఇంకోటి రాదు. ముందు కుమ్మరికి క్షమాపణ చెప్పుకుందామని వెళ్లాడు. అక్కడ పెరట్లో, నీళ్ల తొట్టిలో, చిల్లు పడ్డ చిన్న మట్టి పిడత ఒకటి నెమ్మదిగా మునుగుతోంది. అది పూర్తిగా మునిగేదాకా చూసి, పనికిరావని పక్కన పడేసిన పిడతలన్నీ అడిగి తెచ్చుకున్నాడు.

మర్నాడు ప్రతి పీట ముందూ ఒక నీళ్ల బాన, అందులో తేలే పిడత.

"అయ్యా, ఇది మునిగేదాకా ఈ పీట తమదే. మరో ప్రశ్న అడిగితే మళ్లీ తేలుస్తాను. మునిగాక తమరే సెలవు తీసుకోండి."

వాకిట్లో జనం పలచగా ఉంటే సన్నచిల్లు పిడత, పెరిగితే పెద్దచిల్లుది. పదిమంది చూస్తుండగా మునిగిన పిడత ముందు కూర్చోవడం ఎవరికీ చేతకాలేదు. మధ్యాహ్నానికి వాకిలి ఖాళీ.

సింగనప్రగడ సభకు పరుగెత్తాడు. కాచననూ పిలిపించారు. అతను బానతో సహా వచ్చి, మహారాజుకు చూపించడానికి పిడతను నీళ్లలో వదిలాడు.

"ప్రభూ, ఇతను నా మనుషుల్ని గెంటేశాడు," అన్నాడు మంత్రి.

"గెంటలేదు ప్రభూ. ఎంతసేపో ముందే చెప్పాను. లేచింది వాళ్లే."

మంత్రి సింహాసనం ముందునుంచి కదల్లేదు. వెనక పదకొండు మంది అర్జీలు పట్టుకుని నిలబడ్డారు.

"ఇంకేదో చెప్పాలి. ఆలోచిస్తున్నాను," అన్నాడు.

పిడత బుడుంగున మునిగింది.

సభంతా పిడతను చూసింది, ఆ తర్వాత మంత్రిని చూసింది. మంత్రి గొంతు సవరించుకుని, దణ్ణం పెట్టి, బయటికి వెళ్లిపోయాడు.

"ఆయన్ను ఎవరు గెంటారయ్యా?" అన్నాడు మహారాజు.

"ఎవరూ గెంటలేదు ప్రభూ. మంత్రిగారు మర్యాద తెలిసినవారు."

మహారాజు కిరీటం పక్కకు ఒరిగేదాకా నవ్వాడు. చేతి కడియం తీసి కాచనకు తొడిగి, కొలువు నీదేనన్నాడు.

"ఆ బాన మాత్రం ఇక్కడే వదిలి వెళ్లు," అన్నాడు. "మంత్రిగారు వచ్చే రోజులకు చిల్లు కాస్త పెద్దది చేయించు."