చూడామణి గారి తోట గేటు

ఏ కంప్లయింటు వచ్చినా మా వీరభద్రం మాస్టారు ముందుగా అడిగే మాట ఒకటే: "అంతకుముందు ఏం జరిగింది?" ఆట మధ్యలో ఆగిపోయిందన్నా, తెర నల్లబడిందన్నా, కనెక్షన్ తెగిపోయిందన్నా అదే ప్రశ్న. ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పుతారు కనుక ఆఫీసులో అందరికీ మాస్టారయ్యారు. విశాఖపట్నంలో కూర్చుని ఒక ఆన్‌లైన్ ఆట తాలూకు కష్టాలు వినటం మా ఉద్యోగం. ఇందులో ముందు చెవులు అరుగుతాయి, తరవాత ఓపిక. మాస్టారికి రెండూ ఎలా మిగిలాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆట పేరు పచ్చతోట. ఆడేవాళ్లకు తలా ఒక తోట ఉంటుంది. గేటు తీసి పెడితే తెలిసినవాళ్లు లోపలికొచ్చి మొక్కలకు నీళ్లు పోస్తారు, కలుపు తీస్తారు, నాలుగు మాటలు టైపు చేసుకుంటారు. తోట సొంతదారు బయటికి వెళ్లిపోతే గేటు దానంతటదే మూసుకుంటుంది. వచ్చిన చుట్టం కూడా బయట పడుతుంది. అప్పుడు చుట్టానికి తెర మీద కనిపించే మాట, "కనెక్షన్ తెగిపోయింది. మళ్లీ ప్రయత్నించండి." సొంతదారు ఇంట్లో కరెంటు పోయినా అదే మాట, నెట్టు పోయినా అదే మాట.

ఈ మాట మీదే సహదేవ్‌కి ఒళ్లు మండింది. కొత్తగా చేరాడు, పలాస కుర్రాడు, చురుకైనవాడు. రాయగడ నుంచి ఇందుమతి గారని ఒకావిడ రోజూ ఫోన్ చేస్తోంది. సాయంత్రం కాఫీ వేళకు తెనాలిలో ఉన్న తోటికోడలు చూడామణి గారి తోటలోకి వెళ్తుంది, కాలు పెట్టగానే కనెక్షన్ తెగిపోతుంది. సహదేవ్ చెప్పనిది లేదు. ఆట తీసేసి మళ్లీ ఎక్కించమన్నాడు. రూటరు ఆపి వెయ్యమన్నాడు. ఆవిడ పాపం, భర్త చేత కంప్యూటరు బల్లనే హాల్లోకి జరిపించి రూటరు పక్కన పెట్టించుకుంది. అయినా అంతే. చివరికి సర్వర్లో వెతికితే సంగతి బయటపడింది. ఇందుమతి గారు లోపలికి రాగానే చూడామణి గారు మీట నొక్కి బయటికి వెళ్లిపోతున్నారు.

వాడు విసురుగా మాస్టారి బల్ల దగ్గరికొచ్చాడు. ఎండలు మండిపోతున్నాయి, ఏసీ పేరుకే నడుస్తోంది, అందరం వడలిపోయి ఉన్నాం.

"అన్నిటికీ ఒకటే మాట ఎందుకండీ మాస్టారూ? కరెంటు పోతే కరెంటు పోయిందనాలి. మనిషి వెళ్లిపోతే మనిషి వెళ్లిపోయిందనాలి. ఉన్నది ఉన్నట్టు చెబితే సగం ఫోన్లు రావు. పైగా మళ్లీ ప్రయత్నించండి అని ఒక సలహా కూడానా?"

మాస్టారు కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు. "ఆవిడ బయటికి వెళ్లకముందు ఏం జరిగిందో చూశావా?"

"ఏముందండీ చూడటానికి? ఈవిడ వస్తుంది, ఆవిడ పోతుంది."

"నేనైతే ఇందుమతి గారికి ఈ సంగతి చెప్పను" అన్నారాయన. ఇంతలో ఆయన ఫోన్ మోగింది.

సహదేవ్ ఆగలేదు. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదని మాకు రూలుంది. అయినా ఇందుమతి గారికి ఫోన్ కలిపాడు. పక్క సీటు నాది కనుక వద్దనుకున్నా వినపడింది.

"అమ్మా, మీ నెట్టు బాగానే ఉందండి. మీరు వచ్చినప్పుడల్లా చూడామణి గారే బయటికి వెళ్లిపోతున్నారు."

"అక్కయ్యా? పొరపాటున చెయ్యి తగిలిందేమో బాబూ."

"రోజూ తగలదు కదండీ."

"నిజమేలే. రోజూ తగలదు." గొంతు బాగా తగ్గిపోయింది. "అనవసరంగా నీ చేత ఇంత చాకిరీ చేయించాను నాయనా. ఏమీ అనుకోకు."

ఆవిడే పెట్టేసింది. సహదేవ్ కంప్లయింటు మూసేశాడు కానీ వాడి మొహంలో పని తెమిలిన కళ లేదు. నాకైతే వాడికి రెండు తగిలిద్దామన్నంత కోపం వచ్చింది. కానీ ఏ మొహంతో అనను, నేనూ మధ్యాహ్నం నుంచి పదిమందిని రూటరు ఆపి వెయ్యమన్నవాణ్ణే.

తరవాత ఇందుమతి గారి ఫోన్లు రాలేదు. వాడన్నట్టు ఒక తలనొప్పి తగ్గింది. కొన్నాళ్లకు ఒక సాయంత్రం తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తింది సహదేవే. అవతల చూడామణి గారు.

"ఏవయ్యా, మీ ఆటకేం రోగం వచ్చింది? మా ఇందు రావటం లేదు."

సహదేవ్ అలవాటైన పాఠమే అందుకున్నాడు. "ఆట మూసి మళ్లీ తెరిచారా అండీ?"

"తెరిచానయ్యా. కంప్యూటరు కూడా ఆపి వేశాను. గేటు బార్లా తీసి పెట్టుక్కూచుంటున్నాను. కాఫీ కూడా దాని ముందే. పిట్ట కూడా రాదు."

మాస్టారు తన బల్ల దగ్గర్నుంచి ఇటే చూస్తున్నారు. ఈసారి వాడి నోటికి మాస్టారి ప్రశ్నే వచ్చింది. "అంతకుముందు ఏం జరిగిందండీ?"

"ఏం జరుగుతుంది, నా బుర్ర! మా ఆడపడుచు కూతురి పెళ్లిలో, నలుగురిలో, 'మా అక్కయ్యకి ఆట రాదు, ఆవిడ తోటలో కలుపు కూడా నేనే తీస్తాను' అని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. అందుకని అది రాగానే బయటికొచ్చేసేదాన్ని. దానికేం తెలుస్తుంది, కనెక్షన్ పోయిందనుకుంటుంది కదా! నాలుగు రోజులు ఏడిపించి ఊరుకుందామనుకున్నాను."

"మరి రోజూ ఆ వేళకు..."

"రోజూ అది వచ్చే వేళకన్నా ముందే వెళ్లి గేటు తీసేదాన్ని. రాదేమోనని భయం కదూ? వచ్చిందని చూసుకుని అప్పుడు మూసేదాన్ని. ఇప్పుడు కోపం పోయిందయ్యా. గేటు మూయనే లేదు. తీరా ఇప్పుడు రాదేం? ఒంట్లో బాగా లేదేమో అనుకుందామంటే, మా మరిదిని అడిగితే బాగానే ఉందన్నాడు. మీదే ఏదో లోపం. చూసి బాగుచెయ్యి నాయనా, నీకు పుణ్యముంటుంది."

సహదేవ్ లైను మ్యూట్ చేశాడు.

"మాస్టారూ, ఈవిడకి ఏం చెప్పను?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నారాయన. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో, అలసట తప్ప.

"నేను చెప్పలేనండి."

హెడ్‌ఫోన్‌లోంచి ఆవిడ గొంతు సన్నగా నాక్కూడా వినపడుతోంది. "హలో... బాబూ, ఉన్నావా? కనెక్షన్ పోయిందా?"

వాడు మ్యూట్ తీసి, "ఉన్నానండి. గేటు అలాగే తీసి ఉంచండమ్మా. మేం చూస్తాం" అన్నాడు. పెట్టేశాక హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. నాకు వాడి మీదున్న కోపం కూడా ఎటో పోయింది.

మాస్టారు లేచి వచ్చి వాడి బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు.

"ఇందుమతి గారికి ఫోన్ చెయ్యి. వెళ్లిపోవటం గురించి చెప్పావు కదా. అంతకుముందు జరిగింది కూడా చెప్పు."

"మళ్లీ రూలు తప్పటమే కదండీ?"

"సగం తప్పి ఊరుకున్నావు. అదే బాగాలేదు."

సహదేవ్ నంబరు కలిపాడు. రాయగడలో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. వాడు దిగులుగా తలెత్తి చూశాడు.

"ఎత్తటం లేదండీ."

మాస్టారు అప్పటికే తన సీటు వైపు నడుస్తున్నారు. వెనక్కి తిరగకుండానే అన్నారు.

"మళ్లీ ప్రయత్నించు."